డయాలసిస్ వార్డు బయట చదివిన తిమోతి పత్రిక (నా అనుభవం)

అందరికీ వందనాలు. నేను జాకెట్లు కుట్టుకునే మనిషిని, రాసే అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. మా చర్చిలో ఒక చెల్లెమ్మ వాళ్ళ నాన్నకి కొత్తగా డయాలసిస్ మొదలైంది, ఆ పిల్ల నన్ను పట్టుకుని అక్కా నువ్వెలా తట్టుకున్నావు అని అడిగితే నోటి మాటగా చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నా. తట్టుకున్నానని కూడా అనలేను లెండి.

మాది గుంటూరుకి పాతిక కిలోమీటర్ల దూరంలో పల్లెటూరు. మేనరికం, పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే ఊళ్ళో. మా ఆయన తాపీ మేస్త్రి. నడుం నొప్పని ఏళ్ళ తరబడి ఆర్ఎంపీ దగ్గర నొప్పి బిళ్ళలు తెచ్చుకుని పొద్దున టీ తాగినంత మామూలుగా వేసుకునేవాడు, బీపీ బిళ్ళలు మాత్రం వేసుకోమంటే నాకేమైందే అనేవాడు. 2019 ఆగస్టులో కాళ్ళు వాచాయి, తర్వాత మొహం వాచింది, అన్నం వాసన వస్తే వాంతి. టెస్టులు చేయిస్తే క్రియాటినిన్ 11 దాటింది. ఒకటి దగ్గర ఉండాల్సింది 11. రెండు కిడ్నీలూ పోయాయి, వారానికి 3 సార్లు డయాలసిస్ తప్పదన్నారు. ఆయనకి అప్పటికి 43, మా పెద్దమ్మాయి పదో తరగతి, చిన్నోడు ఆరు.

ఇప్పుడు మా అయ్యగారి గురించి, అంటే మా చర్చి పాస్టరు గారి గురించి చెప్పాలి. ఆయన గురించి చెప్పకుండా ఇది అర్థం కాదు.

నేను సండే స్కూల్ నుంచి ఆయన దగ్గరే నేర్చుకున్నా. సైకిల్ మీద 4 ఊళ్ళు తిరిగి కూడికలు, అంటే ప్రార్థన సభలు పెట్టేవారు, జీతం లేదు, ఇచ్చింది తీసుకునేవారు, ఇవ్వకపోతే అడిగేవారు కాదు. 2003లో ఆయన భార్య, మా అమ్మగారు, గుండెపోటుతో పోయారు. గురువారం పోతే శుక్రవారం సమాధి చేశారు, ఆదివారం పొద్దున 10 గంటలకి అయ్యగారు మందిరంలో, అంటే మా చర్చిలో, నిలబడి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇచ్చారు, వాక్యం చెప్పారు, ఒక్క కన్నీటి బొట్టు రాలేదు. నాకప్పుడు 19 ఏళ్ళు. బలమైన విశ్వాసమంటే ఇదే అని ఆ రోజు మనసులో ముద్ర వేసేసుకున్నా. కష్టం వస్తే ఇలా ఉండాలి, ఏడవకూడదు, ఎవరికీ చెప్పకూడదు, ఆదివారం మానకూడదు.

అందుకే మా ఆయనకి డయాలసిస్ అని తెలిసిన ఆదివారం నేనూ వెళ్ళి ముందు చాప మీదే కూర్చున్నా, పాటలన్నీ పాడా. ప్రార్థన మనవులు చెప్పే టైమొస్తే లేచి "ఆత్మీయంగా బలపడేలా ప్రార్థించండి" అని కూర్చున్నా. అప్పటికి నా పర్సులో 140 రూపాయలున్నాయి.

డయాలసిస్ అంటే తెలియనివాళ్ళకి కాస్త చెప్తా. మొదట్లో మెడ దగ్గర గొట్టం పెట్టి చేశారు, తర్వాత ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్, అంటే చేతిలో రెండు రక్తనాళాలు కలుపుతారు, అది గట్టిపడ్డాక అందులోంచి రెండు పెద్ద సూదులు గుచ్చి 4 గంటలపాటు రక్తాన్ని మిషన్లో శుభ్రం చేసి మళ్ళీ ఎక్కిస్తారు. ఆ చేతికి బీపీ చూడకూడదు, ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. తాపీ మేస్త్రికి చెయ్యే ఆస్తి కదా. రాత్రిపూట ఆ చేతి మీద వేళ్ళు పెట్టి చూస్తే లోపల సర్ర్ సర్ర్ మని కొట్టుకుంటుంది, అలా కొట్టుకుంటే ఫిస్టులా బాగున్నట్టు. పడుకునే ముందు అది చూడ్డం నా డ్యూటీ, ఇప్పటికీ అంతే.

నీళ్ళు రోజంతా కలిపి ముప్పావు లీటరు, టీ మజ్జిగ అన్నీ దాన్లోనే. మే నెలలో గుంటూరు ఎండల్లో ముప్పావు లీటరుతో బతకడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నోరు ఎండిపోతే ఐసు ముక్క చప్పరించేవాడు. కొబ్బరినీళ్ళు వద్దు, అరటిపండు వద్దు, కూరగాయలు ముక్కలు కోసి నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ఉడకబెట్టి వండాలి, అప్పుడు దాన్లో రుచేముంటుంది, గడ్డి తిన్నట్టుందే అని కంచం తోసేసిన రోజులున్నాయి.

ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఫ్రీనే, అది లేకపోతే మేము మూడో నెలకే చేతులెత్తేసేవాళ్ళం. కానీ రానుపోను ఖర్చు మనదే. వెళ్ళేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు బీపీ పడిపోయి నిలబడలేడు కాబట్టి ఆటో, 400. నెలకి 13 సార్లు, మీరే లెక్కేసుకోండి. మధ్యలో బయట రాసే ఇంజెక్షన్లు వేరే. డయాలసిస్ వాళ్ళకిచ్చే 10,000 పెన్షన్ మాకు కాయితాలన్నీ అయ్యి చేతికొచ్చేసరికి చాలా నెలలు పట్టింది. అప్పటిదాకా గాజులు బ్యాంకులో, తర్వాత గొలుసు, తర్వాత కుట్టుమిషన్ కూడా తాకట్టు పెడదామనుకుని, అది పెడితే తినేదెలా అని ఆగిపోయా. ఇవేవీ అయ్యగారికి చెప్పలేదు. ఎలా ఉన్నారమ్మా అంటే దేవుని కృప అయ్యగారూ అనేదాన్ని. నేను అబద్ధం చెప్తున్నానని నాకనిపించలేదు కూడా, విశ్వాసం అనుకున్నా.

2020 జనవరిలో మా ఆడపడుచు వాళ్ళ ఊళ్ళో స్వస్థత కూడికలని పెద్ద బ్యానర్లు కట్టారు. వెళ్ళాం. ఆ వచ్చినాయన పేరెందుకులెండి. మా ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, నూనె సీసా ఇచ్చి, "మిషన్ని నమ్ముకుంటావా దేవుణ్ణి నమ్ముకుంటావా" అన్నాడు. డయాలసిస్ మానెయ్యమని సూటిగా అనలేదు, అది ఒప్పుకోవాలి, కానీ ఆ మాటకి ఇంకో అర్థం ఏముంటుంది చెప్పండి. మా ఆయనకి సూదులంటే విసుగొచ్చేసి ఉంది, నాకు ఆటో డబ్బులు లేక విసుగొచ్చేసి ఉంది, ఇద్దరం కలిసి దానికి విశ్వాసం అని పేరు పెట్టుకున్నాం. రెండు సిట్టింగులు మానేశాం.

నాలుగో రోజు రాత్రి ఒంటిగంటకి ఆయన మంచం మీద లేచి కూర్చుని ఊపిరందక, చేపని ఒడ్డున పడేస్తే కొట్టుకుంటుందే అలా. పడుకుంటే ఊపిరాడట్లేదు, కూర్చుంటే ఆడట్లేదు. ఒంట్లో నీరంతా ఊపిరితిత్తుల్లోకి చేరిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు అత్తమ్మ వీధిలోకి పరిగెత్తింది. తెల్లవారుజామున మిషన్ మీద పెట్టారు. డ్యూటీలో ఉన్న సిస్టర్ నన్ను పట్టుకుని తిట్టిన తిట్లు నాకిప్పటికీ గుర్తే, తిట్టాలి కూడా.

అయ్యగారు ఆరున్నరకల్లా వచ్చేశారు. ఎవరు చెప్పారో తెలీదు. కారిడార్లో నా పక్కన కూర్చున్నారు, కాసేపు ఏం మాట్లాడలేదు, వెళ్ళి రెండు టీలు తెచ్చారు. నేనే మొత్తం కక్కేశా, నూనె సీసా దగ్గర్నుంచి గాజుల దాకా. తిడతారనుకున్నా. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

నేనన్నా, మీరు మాత్రం ఎవరికి చెప్పుకున్నారు అయ్యగారూ, అమ్మగారు పోయిన మూడో రోజే బల్ల దగ్గర నిలబడ్డారు కదా, నేను మిమ్మల్ని చూసే నేర్చుకున్నా.

ఆయన నా వంక అదోలా చూశారు. "అమ్మాయ్, ఆ ఆదివారం నేను నిలబడింది బలంతో కాదు. ఆ ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేక వచ్చా. మధ్యాహ్నం మీ నాన్న నన్ను పొలం గట్టుకి తీసుకెళ్ళాడు, అక్కడ పశువులా అరిచి ఏడ్చా. 3 నెలలు రోజూ రాత్రి మీ నాన్న మా అరుగు మీద పడుకున్నాడు, నీకు తెలీదా?"

నాన్న రాత్రిళ్ళు మందిరం దగ్గర కాపలాకి వెళ్తున్నాడని చెప్పేవాడు. మందిరంలో కాపలా కాయడానికి ఏముందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు నేను.

అంటే 17 ఏళ్ళు నేను ఆయనలో సగాన్నే చూసి దాన్నే వెంబడించాను. దాంతో మా ఆయన్ని దాదాపు చంపుకున్నాను.

ఆ రోజు నాకాయన రెండో తిమోతి పత్రిక చదవమన్నారు, అంటే రోములో ఖైదీగా ఉన్న పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన ఉత్తరం, బైబిల్లో ఉంటుంది. ఊరికే కాదు, డయాలసిస్ జరిగే 4 గంటలు బయట కూర్చుంటావు కదా, రోజుకి ఒక అధ్యాయం, అదే మళ్ళీ మళ్ళీ, అన్నారు. నాలుగే అధ్యాయాలు. నాకు చిన్నప్పట్నుంచి తెలిసిన పత్రికే. మూడో అధ్యాయంలో పౌలు తిమోతితో నువ్వు నా బోధనీ ప్రవర్తననీ ఓర్పునీ, అంతియొకయ, ఈకొనియ, లుస్త్రలో నాకొచ్చిన హింసల్నీ తెలుసుకుని నన్ను వెంబడించావు అంటాడు, అది సండే స్కూల్లో కంఠతా పెట్టించిందే. లుస్త్ర అంటే తిమోతి వాళ్ళ ప్రాంతమే. అక్కడ పౌలుని రాళ్ళతో కొట్టి, చచ్చిపోయాడనుకుని ఊరి బయటికి ఈడ్చి పారేశారు, శిష్యులు చుట్టూ నిలబడితే లేచి మళ్ళీ అదే ఊళ్ళోకి నడిచాడు, మర్నాడు దెర్బేకి వెళ్ళాడు, కొన్నాళ్ళకి మళ్ళీ లుస్త్రకే తిరిగొచ్చాడు, అపొస్తలుల కార్యములు 14లో ఉంటుంది. తిమోతి అది కళ్ళారా చూశాడని రాసి లేదు గానీ, ఆ ఊళ్ళో అది తెలియని పిల్లాడు ఉండడు కదా.

మనం పాఠం చెప్పేటప్పుడు అక్కడే ఆపేస్తాం. రాళ్ళు, లేచాడు, నడిచాడు, హల్లెలూయ.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చదివితే నేను ఆగిపోయింది నాలుగో అధ్యాయం చివర్లో. అది మేం ఎప్పుడూ పేర్ల లిస్టులా గబగబా చదివేసే భాగం. దేమా నన్ను వదిలేసి పోయాడంటాడు. లూకా ఒక్కడే నా దగ్గరున్నాడంటాడు. మొదటిసారి విచారణకి నిలబడితే నా పక్షాన ఒక్కరూ రాలేదంటాడు. నువ్వు త్వరగా రా అని ఒకసారి చెప్పి, చలికాలం రాకముందే రా అని మళ్ళీ చెప్తాడు. త్రోయలో కర్పు దగ్గర నా అంగీ వదిలేసి వచ్చా, వచ్చేటప్పుడు అది తీసుకురా, పుస్తకాలు కూడా, చర్మపు కాగితాలు ముఖ్యం అంటాడు. రాళ్ళ దెబ్బలు తిని లేచి నడిచిన మనిషి చలేస్తోంది నా అంగీ తెచ్చిపెట్టు అంటున్నాడు. ఇంకొకటి, త్రోఫిముకి జబ్బు చేస్తే మిలేతులో వదిలి వచ్చానంటాడు. ఆ మాట దగ్గర నేను చదవడం ఆపేసి లోపలికెళ్ళి మా ఆయనకి చదివి వినిపించా. ఎంతమందినో బాగుచేసిన పౌలు, తనతో తిరిగినవాణ్ణి జబ్బుతోనే వదిలి రావాల్సొచ్చింది. త్రోఫిముకి విశ్వాసం తక్కువని ఎక్కడా అనలేదు. మొదటి పత్రికలో తిమోతికే కడుపు నొప్పి, తరచూ వచ్చే బలహీనతలు అంటే, ఉత్త నీళ్ళు తాగకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకో అని మందు చెప్పాడు. మా ఆయన సూదులు గుచ్చిన చేతితో కదలకుండా పడుకుని, "అంటే ఆయన కూడా మందే చెప్పాడన్నమాట" అని నవ్వాడు. చాలా రోజులకి నవ్వాడు.

అయ్యగారు కుర్రాడిగా ఉన్నప్పుడు హైదరాబాద్‌లో భక్త్ సింగ్ గారి మందిరం హెబ్రోనులో జరిగే పరిశుద్ధ కూడికలకి వెళ్ళేవారు, భక్త్ సింగ్ గారిని చూసి సేవలోకి వచ్చినవాళ్ళలో ఆయనొకరు. భక్త్ సింగ్ గారు ఇంజనీరింగ్ చదువుకి ఇంగ్లండ్ వెళ్ళిన పంజాబీ సిక్కు కుర్రాడు, 1932లో కెనడాలో బాప్తిస్మం తీసుకుని, 1933లో బొంబాయిలో దిగితే అమ్మానాన్నలు వచ్చి నీ విశ్వాసం గుట్టుగా ఉంచుకో అన్నారు, ఉంచుకోలేనన్నాడు, ఆయన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. ఈ కథ అయ్యగారు యూత్ మీటింగుల్లో చెప్తే మాకు రోమాలు నిక్కబొడుచుకునేవి. ఆయన ప్రార్థిస్తే బాగయ్యామని చెప్పుకున్నవాళ్ళకి లెక్కలేదు. మరి అదే మనిషి ఆఖరి సంవత్సరాలన్నీ పార్కిన్సన్స్‌తో మంచం మీదే గడిపారు, ఒకళ్ళు చేస్తే తప్ప ఏ పనీ కాని స్థితి. 2000 సెప్టెంబర్ 17న, 97 ఏళ్ళ వయసులో పోయారు. అయ్యగారు ఆ రోజుల్లో వెళ్ళి ఆ మంచం పక్కన మోకరించి వచ్చారట. బొంబాయి కథ మాకు ఇరవై సార్లు చెప్పిన అయ్యగారు మంచం కథ ఆ ఆస్పత్రి కారిడార్లోనే మొదటిసారి చెప్పారు. ఎందుకు అయ్యగారూ ఇన్నాళ్ళూ చెప్పలేదు అంటే, "కుర్రాళ్ళకి బొంబాయి కావాలమ్మా" అన్నారు. నాకైతే ఇందులో ఆయన తప్పు కూడా ఉందనిపించింది, పైకి అనలేదు, ఇక్కడ అంటున్నా.

అప్పట్నుంచి అంతా మారిపోయిందని అనుకోకండి. అడగడం నాకు చచ్చేంత కష్టం, ఇప్పటికీ. మార్చిలో లాక్‌డౌన్ పెట్టేశారు. బస్సుల్లేవు, ఆటోలు తియ్యట్లేదు, డయాలసిస్ మాత్రం ఆగదు కదా. ఆ రాత్రి నేను ప్రార్థన చేయలేదు, నిజం చెప్తున్నా, దేవుణ్ణి తిట్టుకున్నా. పౌలు తన ఒంట్లో ముల్లులాంటి బాధ తీసెయ్యమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడట, నేను మూడొందల సార్లు వేడుకున్నా. ఆ తర్వాత పక్కింటి తలుపు కొట్టా. వాళ్ళు శివాలయం కమిటీలో ఉన్న కుటుంబం, మాకు పెద్దగా రాకపోకలు లేవు. వాళ్ళబ్బాయికి బైకుంది. బాబూ, బావగారిని రేపు పొద్దున గుంటూరు తీసుకెళ్ళాలి అన్నా, అంతే. ఆ పిల్లాడు పొద్దున 5కి బండి తీసి, ఆస్పత్రి కార్డు జేబులో పెట్టుకుని, దారిలో పోలీసులు ఆపిన ప్రతిచోటా చూపించుకుంటూ తీసుకెళ్ళి, 4 గంటలూ బయట చెట్టుకింద కూర్చుని తీసుకొచ్చాడు. లాక్‌డౌన్ అయ్యేదాకా వారానికి 3 సార్లు. తిరుగు ప్రయాణంలో మా ఆయన పడిపోకుండా తన నడుముకి కలిపి తువ్వాలుతో కట్టేసుకునేవాడట. పెట్రోలు డబ్బులిస్తే తీసుకున్నాడు, అది నాకు నచ్చింది, తీసుకోకపోతే రెండోసారి అడగలేకపోయేదాన్ని.

2021 మే నెలలో అయ్యగారికి కరోనా వచ్చింది. ఊళ్ళో చాలామందికి వచ్చింది అప్పుడు. ఆక్సిజన్ తగ్గిపోతోందని ఆస్పత్రిలో చేర్చారు, లోపలికి ఎవర్నీ రానివ్వట్లేదు. రెండో రోజు సాయంత్రం నాకు ఫోన్ చేశారు, మాట సగం సగం వినిపిస్తోంది. "అమ్మాయ్, ఇక్కడ చలిగా ఉంది. మా ఇంట్లో పందిరి మంచం మీద నా దుప్పటుంది, కళ్ళజోడు కిటికీలో ఉంటుంది, అవి పంపించగలవా." సరే అయ్యగారూ అన్నా. మర్నాడు ఎలాగూ డయాలసిస్ రోజు, మా ఆయన్ని లోపల పడుకోబెట్టి, దుప్పటి, కళ్ళజోడు, ఒక చిన్న బైబిలు కవర్లో పెట్టి పేరూ వార్డు నంబరూ పెద్ద అక్షరాలతో రాసి, కోవిడ్ వార్డు గేటు దగ్గర ఒకతనికి ఇచ్చి 50 రూపాయలు చేతిలో పెట్టా. నాలుగో రోజు అయ్యగారు పోయారు. ఆ దుప్పటి ఆయనకి చేరిందో లేదో తెలీదు. తిమోతి చలికాలం లోపు రోముకి వెళ్ళాడో లేదో బైబిల్లో లేదు, ఆ సంగతి నాకు ఆస్పత్రి గేటు దగ్గర అస్సలు తట్టలేదు, ఏడాది తర్వాత అదే నాలుగో అధ్యాయం చదువుతుంటే తట్టింది, ఆ రోజు కుర్చీలో కూర్చుని గట్టిగా ఏడిచా. పక్కన ఎవరో ముసలావిడ, వాళ్ళబ్బాయికి డయాలసిస్, ఏమ్మా మీ ఆయనకేమైనా అయిందా అని కంగారుపడింది. లేదమ్మా, మా అయ్యగారు గుర్తొచ్చారు అన్నా. ఆవిడ బొట్టు పెట్టుకున్న మనిషి, అయ్యగారంటే ఎవరనుకుందో ఏమో, నా వీపు మాత్రం రాసింది.

మా ఆయన ఇంకా ఉన్నాడు, మిషన్ మీదే. కిడ్నీ మార్పిడి అంటే అత్తమ్మకి షుగరు, నాకు గ్రూపు కలవలేదు, చనిపోయినవాళ్ళ అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాం, వరసలో ఉన్నాం. పెద్దమ్మాయి డిగ్రీ. చిన్నోడు నాకంటే ఎత్తయ్యాడు. స్వస్థత వస్తుందా అని అడిగేవాళ్ళున్నారు, అడుగుతూనే ఉంటాం, సోమ బుధ శుక్రవారాలు ఆస్పత్రికి వెళ్తూనే ఉంటాం.

పోయిన నెల పెన్షన్ డబ్బులు అమ్మాయి ఫీజుకి పోయాయి. ఆదివారం ప్రార్థన మనవులు చెప్పమంటే లేచి, గొంతు వణుకుతుంటే, "ఈ నెల ఆటోకి డబ్బుల్లేవు" అన్నాను. మందిరం అంతా ఒక్క క్షణం సైలెంటు, అలాంటి మనవి ఎవరూ అనరు కదా మా దగ్గర. కూడిక అయ్యాక ఇద్దరు ముగ్గురు చేతిలో చేయి కలుపుతున్నట్టు నోట్లు పెట్టారు. వెనక కూర్చునే ఒక పెద్దావిడ, కూలికి వెళ్ళే మనిషి, డబ్బుల్లేవని వాళ్ళ చెట్టు మునక్కాయలు ఒక కట్ట తెచ్చి సంచిలో కుక్కింది, మేస్త్రికి వండి పెట్టు బలం అంది. మునక్కాయల్లో పొటాషియం ఎక్కువ, ఆయనకి పెట్టకూడదు. ఆ మాట ఆవిడకి చెప్పలేదు. నేనూ పిల్లలూ అత్తమ్మా పులుసు పెట్టుకుని తిన్నాం, ఆయనేమో వాసన చూస్తూ నన్ను తిడుతూ కూర్చున్నాడు.